6 వాట్ల సెట్టు చేతిలో ఉంటే చాలా? ఒక వాట్సాప్ మెసేజ్‌కు జవాబు

మత్స్యకారుల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. చేతిలో పట్టుకునే వీహెచ్‌ఎఫ్ సెట్టు, అంటే బోట్ల మధ్య మాట్లాడుకునే వైర్‌లెస్ రేడియో, ఒకటి కొనుక్కుంటే సముద్రంలో ఇక భయం లేదన్నది దాని సారాంశం. "6 వాట్ల సెట్టు 40 కిలోమీటర్లు పలుకుతుంది. ఎర్ర బటన్ నొక్కితే మీరెక్కడున్నారో కోస్ట్ గార్డుకు తెలిసిపోతుంది. ఎప్పుడూ చానల్ 16లోనే మాట్లాడుకోండి, అందరూ వింటారు. వాటర్‌ప్రూఫ్ కాబట్టి నీళ్లలో పడ్డా ఏం కాదు. లైసెన్సు అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో ఏ వాకీటాకీ కొన్నా ఒకటే. ఇది ఉంటే డాట్ మోయక్కర్లేదు." (డాట్ అంటే ఆపదలో ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం.) పంపినవాళ్లు మంచి ఉద్దేశంతోనే పంపి ఉంటారు. కానీ ఈ ఆరు మాటల్లో ఒక్కటి నమ్మి వేటకు వెళ్లినా ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఒక్కొక్కటిగా జవాబు చెబుతున్నాను.

సెట్టు కొనొద్దని నేను అనడం లేదు. కొనాల్సిందే. ఫోన్ చేస్తే ఒక్కరే వింటారు, సెట్టులో పిలిస్తే చుట్టుపక్కల బోట్లన్నీ వింటాయి. దానికి టవర్‌తో పని లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు టవర్లు దెబ్బతిని ఊరంతా ఫోన్లు మూగబోయిన సంగతి ఉత్తరాంధ్రలో ఎవరూ మర్చిపోలేదు. అలాంటప్పుడు కూడా పనికొచ్చే వస్తువు ఇది. అయితే దాని సత్తా ఎంతో తెలిసి పట్టుకెళ్లాలి.

ముందుగా ఆ 40 కిలోమీటర్ల సంగతి. మెరైన్ వీహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి. భూమి గుండ్రం కదా, కొంత దూరం పోయాక తరంగం పైనుంచి వెళ్లిపోతుంది, అవతలి బోటు ఆ వంపు కింద ఉండిపోతుంది. కాబట్టి సముద్రం మీద దూరాన్ని ముందుగా తేల్చేది యాంటెన్నా ఎత్తు, వాట్లు ఆ తర్వాతే. లెక్క ఎవరైనా కట్టుకోవచ్చు. నీటి మీద నుంచి యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. అవతలివాళ్ల యాంటెన్నాకు కూడా అలాగే కట్టి రెండూ కలపాలి.

ఫైబర్ పడవలో కూర్చుని సెట్టు పట్టుకుంటే యాంటెన్నా ఒకటిన్నర మీటరు ఎత్తున ఉంటుంది. అంటే 5 కిలోమీటర్లు. అవతల కూడా అలాంటి పడవే ఉంటే మొత్తం 10. అవతలిది 25 మీటర్ల ఎత్తున యాంటెన్నా ఉన్న సరుకు ఓడ అయితే 25 కిలోమీటర్ల దాకా రావచ్చు. ఒడ్డున 100 మీటర్ల ఎత్తున యాంటెన్నా ఉన్న స్టేషన్ అయితే లెక్కకు 46 తేలుతుంది. మెసేజ్‌లోని 40 ఇలాంటి లెక్కలోంచే వచ్చి ఉంటుంది. ఇది సముద్రం ప్రశాంతంగా ఉండి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పటి మాట. మనిషి నీళ్లలో పడి, సెట్టు తల పక్కన ఒక అడుగు ఎత్తున పట్టుకున్నాడనుకోండి, తన వైపు నుంచి వచ్చేది రెండు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. అల కిందికి జారినప్పుడు అది కూడా ఉండదు. సరిగ్గా ఆ మనిషికే ఈ 40 నమ్మకం ప్రమాదం.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఒడ్డున ఉన్న స్టేషన్ మాటో, ఓడ మాటో మనకు స్పష్టంగా వినిపిస్తోందంటే మన మాట కూడా వాళ్లకు అందుతోందని అనుకుంటాం. ఓడల్లో బిగించే సెట్టు 25 వాట్లు, మన చేతిలోది 5 లేదా 6, యాంటెన్నా జానెడు. వాళ్లది మనకు వినిపించి, మనది వాళ్లకు వినిపించకపోవడం మామూలే. జవాబు వస్తేనే అందినట్టు. జవాబు రాకపోతే లేచి నిలబడండి, బోటు పెద్దదైతే వీల్‌హౌస్ (బోటు నడిపే గది) పైకెక్కండి. యాంటెన్నా నిటారుగా ఉండాలి, పక్కకు వాలిస్తే సిగ్నల్ తగ్గిపోతుంది. సెట్టు నోటికి రెండు మూడు వేళ్ల ఎడంగా పట్టుకుని, మాట్లాడే బటన్ నొక్కి ఒక్క క్షణం ఆగి మాట్లాడండి. వెంటనే మొదలుపెడితే మొదటి అక్షరాలు తెగిపోతాయి. మాట అవగానే బటన్ వదలాలి, నొక్కి ఉంచినంతసేపూ మనకు ఏమీ వినపడదు. స్క్వెల్చ్ అనే సర్దుబాటు ఒకటి ఉంటుంది. గరగర ఆగేదాకా మాత్రమే దాన్ని తిప్పాలి. చెవికి హాయిగా ఉందని ఇంకా బిగిస్తే దూరం నుంచి వచ్చే సన్నటి పిలుపు కూడా గరగరతో పాటే ఆగిపోతుంది. ఆ సన్నటి పిలుపు ఆపదలో ఉన్న తోటివాడిది కావచ్చు.

"ఎర్ర బటన్ నొక్కితే చాలు" అన్నది రెండో మాట. చేతి సెట్లలో చాలావాటికి అసలు ఆ బటనే ఉండదు. డీఎస్‌సీ (ఆపద సందేశాన్ని డిజిటల్‌గా పంపే ఏర్పాటు), జీపీఎస్ రెండూ ఉన్న ఖరీదైన సెట్లకే ఉంటుంది. అవి ఉన్నా, 9 అంకెల ఎంఎంఎస్‌ఐ నంబరు (సెట్టు ఎవరిదో తెలిపే గుర్తింపు నంబరు) తీసుకుని సెట్టులో ఎక్కించకపోతే ఆపద సందేశం పోదు. నంబరు ఎక్కించినా జీపీఎస్‌కు ఆకాశం కనబడి పొజిషన్ దొరికి ఉండాలి. బటన్ మీది మూత తీసి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. అప్పుడు సందేశం చానల్ 70లో, డిజిటల్‌గా, మాటతో పని లేకుండా వెళ్తుంది. కానీ అదీ పైన చెప్పిన దూరమే వెళ్తుంది. ఎర్ర బటన్‌కు ఉపగ్రహంతో ఏ సంబంధమూ లేదు. ఈ ఒక్క అపోహ పోయినా నేను ఇది రాసినందుకు ఫలితం దక్కినట్టే.

బటన్ నొక్కాక చానల్ 16కి వచ్చి నోటితో చెప్పాలి. బటన్ లేని సెట్టయితే నేరుగా చెప్పడమే. ఊరికే "మేడే మేడే" అని ఆపద పిలుపు అరిస్తే విన్నవాళ్లు బోటును ఎక్కడని వెతకాలి? ఒక క్రమం ఉంది, ఇలా:

"మేడే, మేడే, మేడే. ఇది బోటు శ్రీలక్ష్మి, శ్రీలక్ష్మి, శ్రీలక్ష్మి. మేడే, బోటు శ్రీలక్ష్మి. పొజిషన్ 16 డిగ్రీల 54 నిమిషాల ఉత్తరం, 82 డిగ్రీల 24 నిమిషాల తూర్పు. ఇంజిన్ గదిలోకి నీళ్లొస్తున్నాయి, మునిగిపోతున్నాం. వెంటనే సాయం కావాలి. ఏడుగురం ఉన్నాం. లైఫ్ జాకెట్లు వేసుకున్నాం. ఓవర్."

బోటు పేరు, పొజిషన్ ముందు చెప్పడానికి కారణం ఉంది. మధ్యలో బ్యాటరీ పోయినా, సెట్టు చేజారినా, ఎక్కడికి రావాలో అప్పటికే చెప్పేసి ఉంటాం. జీపీఎస్ లేకపోతే తెలిసిన గుర్తు నుంచి చెప్పండి: వాకలపూడి లైట్‌హౌస్‌కు ఆగ్నేయంగా 10 మైళ్లు, అలా. "మొన్న వల వేసిన చోటికి కొంచెం అవతల" అంటే మన ఊరి బోట్లకే తెలుస్తుంది. ఆ సమయానికి దగ్గరలో ఉన్నది ఏ దేశపు సరుకు ఓడో, దాని మీద డ్యూటీలో ఉన్నది ఏ భాషవాడో. అందుకని అంకెలు, దిక్కులు, మునిగిపోతున్నాం, మంట, ఇంతమందిమి అనే నాలుగైదు మాటలు ఇంగ్లీషులో వచ్చి ఉండాలి. బోటు నడిపే సరంగుకు ఒక్కడికే వస్తే సరిపోదు, కలాసీల్లో ఇంకొకరికైనా రావాలి. ఒక అట్ట మీద ఈ క్రమం రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, వీల్‌హౌస్‌లో కళ్లెదురుగా కట్టండి. టెన్షన్‌లో సొంత బోటు నంబరే గుర్తురాదు.

మేడే అన్నది ప్రాణం మీదికి వచ్చినప్పుడే. ఇంజిన్ ఆగింది, ఒడ్డుకు లాగడానికి బోటు కావాలి, ఇప్పటికి మునిగే ప్రమాదం లేదు అంటే దానికి "పాన్ పాన్" ఉంది, అదీ మూడుసార్లు చెప్పాలి. పనిచేస్తోందో లేదో చూద్దామని ఎర్ర బటన్ నొక్కడం మాత్రం ఎవరూ చేయకూడదు. పొరపాటున నొక్కుకుపోతే సెట్టు ఆపేసి ఊరుకోవద్దు. 16లో బోటు పేరు, పొజిషన్ చెప్పి, ఫలానా టైముకు వెళ్లిన ఆపద సందేశం పొరపాటు, రద్దు చేస్తున్నాను అని చెప్పాలి. చెప్పకపోతే మన కోసం బయల్దేరే ఓడలూ మనుషులూ నిజంగా మునుగుతున్నవాడికి దక్కరు.

ఇక చానల్ 16 కబుర్లు. ఈ సలహా చదివి నాకు నిజంగా కోపం వచ్చింది. 156.8 మెగాహెర్ట్జ్ మీద ఉండే ఈ చానల్‌ను ప్రపంచమంతా ఆపద కోసం, మొదటి పిలుపు కోసం ఉంచుకుంది. ఒక సమయంలో ఒక్కరే మాట్లాడగలరు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలంగా ఉన్నది వినిపించి, బలహీనంగా ఉన్నది పూర్తిగా అణిగిపోతుంది. ఈ పద్ధతి రేడియో గుణమే అది. అంటే పక్క బోటుతో చేపల రేటు మాట్లాడుతున్న మన గొంతు, ఎక్కడో మునుగుతున్నవాడి గొంతును తొక్కేస్తుంది, అలా జరిగిందని మనకు తెలియను కూడా తెలియదు. చేయాల్సింది చాలా తేలిక. 16లో పిలవండి, పలికాక "72కి రండి" అని చెప్పి ఇద్దరూ 72కో 77కో మారిపోండి. అవి బోటుకూ బోటుకూ మధ్య మాటల కోసం ఉన్నవే. దగ్గర మాటలకు 1 వాట్ చాలు, బ్యాటరీ మిగులుతుంది. సెట్టు మీద కూర్చోవడం, వలల కింద పడేయడం వల్ల మాట్లాడే బటన్ నొక్కుకుని ఉండిపోతే ఆ చుట్టుపక్కల 16 మొత్తం మూసుకుపోతుంది. చాలాసేపు ఏమీ వినపడకపోతే ముందు మీ సెట్టు బటన్ చూసుకోండి.

"వాటర్‌ప్రూఫ్, నీళ్లలో పడ్డా ఏం కాదు." డబ్బా మీద ఐపీఎక్స్7 అని ఉంటే, 1 మీటరు లోతు మంచినీళ్లలో 30 నిమిషాలు ఉంచి పరీక్ష చేసిన రకం అని అర్థం. ఉప్పునీటి గురించి, ఏళ్ల వాడకం గురించి అది ఏమీ చెప్పదు. నీళ్లలో తేలుతుందని కూడా అందులో లేదు. కొన్ని రకాలు తేలుతాయి, కొన్ని రాయిలా మునుగుతాయి. కొనేటప్పుడే అడగండి, ఏదైనా సరే తాడు కట్టి లైఫ్ జాకెట్‌కు తగిలించండి. పాత సెట్టు బ్యాటరీ ఊడదీసి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. బ్యాటరీ తగిలే ఇత్తడి రంగు చుక్కల మీద పచ్చటి చిలుము పట్టి ఉంటుంది, చుట్టూ ఉన్న రబ్బరు ఒకచోట నలిగి, దాని కింద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంటుంది. ఆ రబ్బరు పక్కన ఒక ఇసుక రేణువు చాలు, నీళ్లు లోపలికి పోవడానికి. ఒడ్డుకు రాగానే మూతలన్నీ బిగించి ఉన్నప్పుడే మంచినీళ్లతో కడిగి, తుడిచి, ఆరబెట్టండి. తడి మీద చార్జింగ్ పెట్టకూడదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో వలలు బాగుచేసుకుంటాం, ఇంజిన్ విప్పుతాం. ఆ రబ్బరు, ఆ బ్యాటరీ కూడా అప్పుడే చూపించి మార్పించుకోవాలి.

బ్యాటరీ 10 గంటలు వస్తుందని రాసి ఉంటే, అందులో మాట్లాడేది నూటికి 5 వంతులే అన్న లెక్క మీద రాస్తారు. ఎడాపెడా మాట్లాడితే అంతసేపు రాదు. మరో రెండు జాగ్రత్తలు: పెట్రోల్ పోసేటప్పుడు సెట్టులో మాట్లాడొద్దు. సెట్టును దిక్సూచి పక్కన పెట్టొద్దు, స్పీకర్‌లోని అయస్కాంతం ముల్లును తిప్పేస్తుంది.

లైసెన్సు అక్కర్లేదన్నది అబద్ధం. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చిన వాకీటాకీలు 446 మెగాహెర్ట్జ్ దగ్గర, తక్కువ శక్తితో పనిచేసేవి. మెరైన్ సెట్లు 156 దగ్గర పనిచేస్తాయి. ఆన్‌లైన్‌లో కొన్న 446 బొమ్మతో రోజంతా అరిచినా ఏ ఓడకూ, ఏ కోస్ట్ గార్డు స్టేషన్‌కూ వినపడదు. మెరైన్ సెట్టుకు టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం లైసెన్సు కావాలి. ఏ ఫ్రీక్వెన్సీకైనా తిప్పుకోగల చవక సెట్లూ దొరుకుతాయి, కానీ అవి ఓడల వాడకానికి ఆమోదం పొందినవి కావు, ఉప్పునీటికి ఆగేవీ కావు. కాగితాల పని విసుగే, ఒప్పుకుంటాను. సంఘం తరఫున అందరికీ కలిపి మత్స్యశాఖ ఆఫీసులో అడిగితే ఎవరికి వారు తిరిగే శ్రమ తగ్గుతుంది.

చివరిది, అన్నిటికన్నా ప్రమాదకరమైనది: "ఇది ఉంటే డాట్ మోయక్కర్లేదు." డాట్ ఇస్రో తయారుచేసింది. దాని సందేశం ఉపగ్రహం ద్వారా బెంగళూరుకు, అక్కడి నుంచి కోస్ట్ గార్డు రెస్క్యూ కేంద్రానికి పోతుంది. ఒడ్డు నుంచి ఎంత దూరమైనా దానికి లెక్క లేదు. 2017 నవంబర్ చివర్లో ఓఖీ తుపాను వచ్చేసరికి కేరళ, తమిళనాడు బోట్లు చాలా దూరం వెళ్లిపోయి ఉన్నాయి, హెచ్చరిక వాళ్లకు అందలేదు. ఎందరో తిరిగి రాలేదు. అంత దూరంలో చేతి వీహెచ్‌ఎఫ్ ఉన్నా ఒడ్డు మాట అందేది కాదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర సమాచారం బయల్దేరే ముందే చూసుకోవాలి. ఎవరెవరు వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో రాసిపెట్టాలి. ఆ టైము దాటితే ఇంట్లోవాళ్లు కోస్ట్ గార్డు 1554కు ఫోన్ చేయాలని వాళ్లకు తెలిసి ఉండాలి.

డాట్, సెట్టు రెండూ ఉంటే వాడే వరస ఇది. ఆపదలో ముందు లైఫ్ జాకెట్లు. తర్వాత డాట్ నొక్కండి, 16లో మేడే చెప్పండి. జవాబు రాకపోతే కాసేపు ఆగి మళ్లీ చెప్పండి, ఆపకుండా అరిచి బ్యాటరీ ఖాళీ చేయొద్దు. సెట్టు ఆన్‌లోనే, 16లోనే ఉండాలి. డాట్ సందేశం అందుకుని ఓడో హెలికాప్టరో దగ్గరికి వచ్చాక, అలల మధ్య ఫైబర్ పడవ పైనుంచి సులువుగా కనపడదు. అప్పుడు వాళ్లు 16లో పిలుస్తారు. "మీకు ఎడమవైపు ఉన్నాం, ఇంకొంచెం ముందుకు రండి" అని చెప్పడానికి ఆ 6 వాట్లు సరిపోతాయి, బ్యాటరీ మిగిలి ఉండాలి అంతే.