పొట్టి రావి

మా ఇంటి సన్‌షేడ్ పగుల్లో రావి మొక్క మొలిచింది. ఏ కాకో పండు తిని అక్కడ రెట్ట వేసి ఉంటుంది. బ్రాడీపేటలో పాత ఇళ్ళకి ఇది మామూలే. ఇంకెప్పుడైనా అయితే మేస్త్రీని పిలిచి పీకించేవాణ్ణి. ఖర్మకాలి, ఆ వారమే ఫోనులో ఓ బోన్సాయ్ వీడియో చూశాను. పెద్ద చెట్టుని కుండీలో పొట్టిగా పెంచే విద్య అన్నమాట.

1625 నుంచి కుండీలో పెంచుతున్న పైన్ చెట్టట. 1945లో హిరోషిమా మీద బాంబు పడ్డప్పుడు ఓ 3 కిలోమీటర్ల దూరంలో ఉండి కూడా బతికింది. 1976లో జపాన్ వాళ్ళు దాన్ని అమెరికాకి కానుకగా ఇచ్చారు. అణుబాంబుకే చావని చెట్టు పళ్ళెంలో పెరిగితే, గుంటూరు ఎండలో పుట్టిన రావి పెరగదా?

"చూస్తూ ఉండు, రావిచెట్టుని టీపాయ్ మీద పెడతాను" అన్నాను మా ఆవిడతో.

"ముందు టీపాయ్ మీద ఆ బట్టలు తియ్యండి" అంది.

పాత ప్లాస్టిక్ బేసిన్ అడుగు కోసి చిల్లులు పెట్టాను. ఇసుకా, ఇటుక ముక్కలూ, వర్మీకంపోస్టూ కలిపి నింపాను. తల్లివేరు కత్తిరించి మొక్కని నాటాను. ఇక తీగ చుట్టాలి. కొమ్మ లావులో మూడో వంతు ఉండే అల్యూమినియం తీగ తెచ్చి, 45 డిగ్రీల వాలుగా చుట్టాలన్నారు వీడియోలో. నా మొక్క ఉన్నదే అగరొత్తంత. అందులో మూడో వంతు ఎక్కడ దొరుకుతుంది? పక్కవీధిలో స్లాబు పని జరుగుతుంటే సెంట్రింగు కుర్రాణ్ణడిగి రెండు మూరల బైండింగ్ వైరు తెచ్చి బిగించాను. గాలికి వాలిన చెట్టులా రావాలని నా ఆశ. పక్కింటి మాస్టారు గోడ మీదుగా తొంగిచూసి, "ఏరియలా? సిగ్నలు వస్తోందా?" అన్నారు.

వానాకాలం వెళ్ళిపోయింది. నేను వైరు సంగతే మర్చిపోయాను. మొక్క ఒక్క పిసరు లావెక్కలేదు గానీ వైరు మాత్రం బెరడులోకి దిగిపోయింది. నర్సరీ అతనికి చూపిస్తే తల కొట్టుకున్నాడు.

"పళ్ళెంలో పెట్టేది ఆఖర్న సార్! ముందు మొదలు లావవ్వాలి. లావవ్వాలంటే నేలలో వేసి మూడు నాలుగేళ్ళు దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. ఎంత ఆకుంటే అంత మొదలు. ఆ తర్వాత నరికి కుండీలోకి తెచ్చుకోవాలి. మీరు పెళ్ళి కాకముందే బారసాల చేశారు."

పొట్టిది కావాలంటే ముందు పొడుగ్గా పెంచాలన్నమాట. సరే. కటింగ్ ప్లేయర్‌తో వైరు ముక్కలు ముక్కలుగా తీసేసి, మొక్కని ప్రహరీ పక్కన పాతాను. వేర్లు లోతుకి పోకుండా పక్కలకి పాకాలంటే కింద బండ వెయ్యమన్నాడు. పలనాటి నాపరాయి వేశాను. వేర్లు చెప్పిన మాట విని పక్కలకే పాకాయి. పాకి పాకి మాస్టారి సంపులో తేలాయి.

అది చిన్న గొడవ. అసలుది అమ్మ తెనాలి నుంచి వచ్చాక మొదలైంది.

అమ్మ వచ్చింది శనివారం. చెట్టుకి మెలికలు తిరిగిన వైరు మచ్చ చూసింది. కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చూసింది. "ఒరేయ్! నాగేంద్రుడు చుట్టుకున్నాడురా!" అని చెంపలేసుకుంది.

అది బైండింగ్ వైరమ్మా అని ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది. మా ఆవిడ నా వంక చూసింది. నేను మాస్టారి సంపు వంక చూశాను.

మర్నాటికి పసుపూ కుంకుమా. నెల తిరిగేసరికి లైనులో ఆడవాళ్ళంతా పాలగ్లాసులతో క్యూ. సోమవారం అమావాస్య పడితే 108 ప్రదక్షిణలు. నా స్కూటరు ఆ రోజంతా రోడ్డు మీదే. సంపు గురించి దెబ్బలాడిన మాస్టారే, వాళ్ళావిడ మొక్కుకున్నాక, అరుగు కట్టిస్తే సగం సిమెంటు తనదన్నారు.

మొన్న నర్సరీ అతను అటుగా వెళ్తూ లోపలికొచ్చాడు. చెట్టు మేడ పిట్టగోడ దాటింది. మొదలు నా తొడంత ఉంది.

"భలే తయారైంది సార్! ఇప్పుడు అడుగు ఎత్తున నరికేస్తే..." అంటూ దగ్గరకెళ్ళి, మొదట్లో దీపం చూసి ఆగిపోయాడు. మెల్లగా రెండడుగులు వెనక్కి వేసి, చెప్పులు విప్పాడు.