మెట్లు లేని కరెంటు వాద్యం

విజయనగరం గంటస్తంభం నుంచి నాలుగడుగులు వేస్తే రేడియోలు బాగుచేసే ఇరుకు కొట్టు ఒకటి వస్తుంది. పేరుకే రేడియోలు. ఇప్పుడు అక్కడికి చేరేవి మిక్సీలు, ఇండక్షన్ పొయ్యిలు, రామమందిరాల ఆంప్లిఫయర్లు. పోయిన వేసవిలో నేను అక్కడికి ఒక చెప్పుల అట్టపెట్టె పట్టుకెళ్లాను. నేను చేత్తో కట్టుకున్న సింథసైజర్, అంటే కరెంటుతో స్వరాలు పుట్టించే వాద్యం అది. అందులో రెండు ఐసీలు (సర్క్యూట్ మొత్తం ఇమిడిన చిన్న చిప్పులు), పాత ట్రాన్సిస్టర్‌లోంచి ఊడదీసిన స్పీకరు, వరసగా ఎనిమిది వాల్యూమ్ కంట్రోళ్లు, ఒక తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఉన్నాయి. ఎక్కడో టంకం వదిలేసింది, నాకు చిక్కడం లేదు. ఆయన రెండు నిమిషాల్లో పట్టేశాడు. స్విచ్ వెయ్యగానే పెట్టె ఏడు దెబ్బల వరస ఒకటి అందుకుని తిప్పడం మొదలుపెట్టింది. కాసేపు చెవి ఒగ్గి విని, "ఏటి బాబూ, ఇది పాడైపోయి ఇలాగరుస్తందా, బాగుండే ఇలాగరుస్తందా?" అన్నాడు.

ఈ తరహా సంగీతం మీద విమర్శలు చాలానే చదివాను గాని, ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. అప్పటికి నవ్వి ఊరుకున్నాను. జవాబు ఇంటికొచ్చాక, జముకు గురించి ఆలోచిస్తుంటే తట్టింది.

జముకుల కథ విన్నవాళ్లకి ఆ వాద్యం గురించి చెప్పనక్కర్లేదు. విననివాళ్ల కోసం రెండు ముక్కలు. కుంచం లాంటి చిన్న పాత్రకి ఒక పక్క తోలు, ఆ తోలు మధ్య నుంచి ఒక తీగ, తీగ కొసన చిన్న పుల్ల. ఒక చేత్తో పుల్ల పట్టి తీగని లాగుతూ సడలిస్తూ ఉంటారు, రెండో చేత్తో మీటుతారు. బిగిస్తే నాదం పైకి, వదిలితే కిందికి. ఆ పైకీ కిందికీ మధ్య ఎక్కడా గట్టు లేదు. తెలంగాణలో బైండ్లవాళ్ల జమిడిక, బెంగాల్లో బావుల్ గాయకుల ఖమక్ కూడా ఈ కుటుంబానివే. సింథసైజర్‌కి గుండెకాయ అయిన ఆసిలేటర్, అంటే స్వరాన్ని పుట్టించే సర్క్యూట్, చేసే పనీ ఇదే. తీగ బిగువు ఉన్న చోట వోల్టేజీనో రెసిస్టెన్సునో పెట్టండి, అంతే తేడా. మా వైపు అమ్మవారి కథ వినే ముసలమ్మకి ఆ జారుడు నాదం వింతగా అనిపించదు. అది పెట్టెలోంచి వస్తే మాత్రం పాడైపోయిందేమో అనిపిస్తుంది.

చేత్తో చేసుకునే సింథ్ ఎంత సులువో చెప్పకపోతే ఇదంతా గాలి కబురవుతుంది. 40106 అని ఒక ఐసీ ఉంది. ఖరీదు రెండు మూడు టీల కంటే మించదు. విజయనగరంలో దొరక్కపోతే విశాఖ డాబాగార్డెన్స్ దాకా బస్సెక్కాలి, చార్జీలే ఐసీ కంటే ఎక్కువ. దానిలో ఆరు గదులున్నాయనుకోండి. ఒక్కో గదికి కరెంటుని నెమ్మదింపజేసే ఒక రెసిస్టర్, కరెంటుని నింపుకునే ఒక కెపాసిటర్ తగిలిస్తే చాలు. కెపాసిటర్ నిండుతుంది, ఒలుకుతుంది, మళ్లీ నిండుతుంది. 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌కి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ జతచేస్తే ఈ నిండడం, ఒలకడం సెకనుకి సుమారు వందసార్లు జరిగి బొంగురు స్వరం పలుకుతుంది. రెసిస్టర్ స్థానంలో వాల్యూమ్ కంట్రోల్ పెట్టి తిప్పితే స్వరం జారుతుంది. ఇప్పుడు ఆ కెపాసిటర్ తీసేసి దానికి వందరెట్లు పెద్దది, అంటే 10 మైక్రోఫారడ్‌లది పెట్టండి. సెకనుకి ఇంచుమించు ఒక్క దెబ్బ. ఇందాకటి స్వరమే ఇప్పుడు తాళం అయింది. ఒకే కదలిక వేగంగా ఉంటే స్వరమని, నిదానిస్తే లయ అని పుస్తకంలో చదివినప్పుడు నాకు తలకెక్కలేదు. బల్ల మీద కెపాసిటర్ మార్చాక చెవికెక్కింది.

మొదట్లో బ్యాటరీల ఖర్చుకి జడిసి, బ్యాటరీ బదులు గోడ ప్లగ్గుకి పెట్టే చవక ఎలిమినేటర్ వాడాను. పాట వెనకాల ఒకటే హోరు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి యాభైసార్లు ఊగుతుంది, ఎలిమినేటర్‌లో అది రెట్టింపై 100 హెర్ట్జ్ హోరవుతుంది. మగ గొంతు ఒకటి శ్రుతికి షడ్జం (స) 130.8 హెర్ట్జ్ అనుకుంటే, దాని కింది పంచమం (ప) 98. అంటే ఆ హోరు మంద్ర పంచమానికి కాస్త ఎక్కువ స్థాయిలో పలుకుతోందన్నమాట. కరెంటాఫీసు వాళ్లు ఊరందరికీ ఉచితంగా పంచిన శ్రుతిపెట్టె అని దానికి మా ఇంట్లో పేరు.

అసలు విషయానికి వస్తాను. ఎలక్ట్రానిక్ వాద్యం అనగానే మన సంగీతం తెలిసినవాళ్లు మొహం చిట్లిస్తారు. వాళ్లు తప్పని అనను. కాకపోతే వాళ్ల అభ్యంతరం నిజానికి కరెంటు మీద కాదని నా అనుమానం. కచేరీ వేదికల మీద తంబురా పక్కకి జరిగి కరెంటు శ్రుతిపెట్టె వచ్చి దశాబ్దాలైంది. అది అచ్చంగా ఎలక్ట్రానిక్ వాద్యమే. దాన్ని ఎవరూ పరాయిదనలేదు. ఇబ్బంది ఉన్నదల్లా మెట్ల దగ్గర, అంటే స్వరాలని ఒక్కోచోట బిగించి ఉంచే గట్ల దగ్గర.

ఈ మాట చెప్పడానికి విజయనగరం కంటే మంచి ఊరు లేదు. ఇక్కడి సంగీత కళాశాల 1919లో మొదలైంది. తొలి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. అదే ఏడు 26 ఏళ్ల ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ చెప్పడానికి చేరారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. వయొలిన్ ఎక్కడిది? సముద్రాలు దాటి వచ్చిన వాద్యం. అయినా మన గమకాన్ని, స్వరం నుంచి స్వరానికి జారే ఆ ఊపుని, ఒడిలో పెట్టుకుంది. కారణం ఒక్కటే, దానికి మెట్లు లేవు. వేలు ఎక్కడ ఆగాలో వాయించేవాడి చెవి చెప్పాలి. అదే యూరప్ నుంచి వచ్చిన హార్మోనియం గతి చూడండి. 1940లో ఆలిండియా రేడియో దాన్ని గడప తొక్కనివ్వలేదు, ఆ నిషేధం 1971లో గాని సడలలేదు. పాశ్చాత్యం కనక వద్దన్నారనుకుంటే వయొలిన్‌ని కూడా వెళ్లగొట్టాలి కదా. స్వరాలు మెట్లలో బిగుసుకుపోయి, వాటి మధ్య జారే వీలు లేకపోవడమే అక్కడ పెద్ద తగువు. (పద్య నాటకాల వాళ్లు మాత్రం ఆ నిషేధాన్ని లెక్కచేయలేదు. మా ప్రాంతంలో హార్మోనియం శ్రుతి లేకుండా పద్యం ఎత్తుకున్న నటుణ్ని నేను చూడలేదు. అదీ ఒక న్యాయమే.)

సింథసైజర్ పుట్టిన నాడే ఈ తగువు దానితోపాటు పుట్టింది. 1964 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్రంలో రాబర్ట్ మూగ్, శాన్‌ఫ్రాన్సిస్కో వైపు డాన్ బుక్లా విడివిడిగా వోల్టేజీతో నడిచే వాద్యాలు చేశారు. మూగ్ పియానో మెట్లు తగిలించాడు. బుక్లా తెలుపు నలుపు మెట్లు వద్దని, వేలు ఆనించే రేకులూ, స్వరాల వరసని తనే తిప్పే సీక్వెన్సరూ పెట్టాడు. దుకాణాల్లో గెలిచింది మెట్ల పెట్టే. ఇవాళ మన పిల్లలకి సింథసైజర్ అంటే కీబోర్డు, కీబోర్డంటే పన్నెండు స్వరస్థానాలు. బజారులో కొన్న క్షణానే ఆ ఒప్పందం మీద సంతకం పెట్టేసినట్టు. చేత్తో చేసుకున్నదానికి మెట్లు ఉండవు, మనం పెడితే తప్ప. నా చెప్పుల పెట్టె అరిచినట్టు వినిపించడానికి సగం కారణం అదే. ఆ ఏడు స్వరాల్లో రెండు ఏ మెట్టు మీదా లేవు.

స్వరం సంగతి అలా ఉంటే, తాళం దగ్గర ఫ్యాక్టరీ పెత్తనం ఇంకా ఎక్కువ. 1980లో వచ్చిన రోలాండ్ టీఆర్-808 అనే డ్రమ్ యంత్రం మీద వరసగా 16 బొత్తాలుంటాయి. దాని తర్వాత వచ్చిన యంత్రాలు, ఇప్పటి కంప్యూటర్ సాఫ్ట్‌వేర్లు చాలామటుకు ఆ పదహారునే పట్టుకు వేలాడుతున్నాయి. కావాలంటే తగ్గించుకోవచ్చు, నిజమే. కానీ తెరవగానే ఎదురయ్యేది నాలుగు నాలుగులు. తొందరలో ఉన్నవాడు దానికే సర్దుకుపోతాడు. శ్రీకాకుళం జానపదాలకి డీజే బీటు కట్టినప్పుడు ఏమవుతోందో జాతర్లలో వింటూనే ఉన్నాం. మూడు మూడుగా ఊగే పాటని చాలాసార్లు నాలుగులో కుక్కుతున్నారు. ఊపు పెరుగుతుంది, ఊగడం పోతుంది. సిరిమానోత్సవం రోజున బాక్సుల ముందు గెంతే కుర్రాళ్లని తప్పుపట్టను, నేనూ గెంతినవాణ్నే. ఆ బీటు కట్టిన అబ్బాయికి తెర మీద కనిపించిన గళ్లు ఎన్ని అన్నదే నా ప్రశ్న.

ఇక్కడే 4017 అనే ఐసీ కథ మొదలవుతుంది. పదహారు కాళ్ల పురుగు. దెబ్బ తగిలినప్పుడల్లా కరెంటుని ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుస్తుంది, అలా పది దాకా లెక్కపెడుతుంది. ఒక్కో కాలికి ఒక్కో వాల్యూమ్ కంట్రోల్ తగిలించి, వాటితో ఆసిలేటర్‌ని నడిపితే అదే సీక్వెన్సర్. పదికి ముందే ఆపి మొదటికి తీసుకురావాలంటే, ఏ దెబ్బ రాకముందే తెగాలో ఆ దెబ్బ కాలిని పదిహేనో కాలికి ఒక తీగతో కలిపితే సరి. (కాళ్ల నంబర్లు దెబ్బల వరసలో ఉండవు.) ఆరో కాలి నుంచి తీగ వేస్తే ఏడు దెబ్బలు, మిశ్రం. అదే తీగని ఒకటో కాలికి మారిస్తే ఐదు, ఖండం. పదకొండో కాలికి పెడితే తొమ్మిది, సంకీర్ణం. తొమ్మిదో కాలికి పెడితే ఎనిమిది, ఆదితాళం కుదురుతుంది. ఈ ఐసీకి నాలుగు మీద ఏ మమకారమూ లేదు. ఏడుని నాలుగుకి మినహాయింపుగా చూడదు, దానికి అన్నీ సమానమే. మూడు ప్లస్ నాలుగుగా మిశ్రచాపు నడక రావాలంటే ఒకటో దెబ్బ, నాలుగో దెబ్బ దగ్గర కంట్రోళ్లు కాస్త పైకి తిప్పి పెట్టుకుంటాను. అటతాళం పద్నాలుగు అక్షరాలు కావాలంటే ఒక్క ఐసీ చాలదు, రెండు గొలుసు కట్టాలి. ఆ ప్రయత్నంలో ప్లస్సూ మైనస్సూ తారుమారు చేసి ఒకే సాయంత్రం మూడు ఐసీలు తగలబెట్టాను.

ఇలాంటి ఆలోచన మన దేశంలో కొత్తది కాదు. 1969లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్‌తో స్టూడియో అమర్చాడు. అంతకు ముందు 1946లో న్యూయార్క్‌లో అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్‌కి మన సంగీతం చెప్పిన గీతా సారాభాయ్ కూడా అక్కడ టేపులు చేశారు. మరికొందరు భారతీయులూ చేశారు. ఆ టేపులు రికార్డుగా జనానికి అందింది 2023లో. బొంబాయిలో సినిమా పాటలకి వాయించే చరణ్‌జిత్ సింగ్ 1982లోనే టీబీ-303 అనే బాస్ సింథసైజర్, టీఆర్-808 తోడుగా పది రాగాలు వాయిస్తే అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. విదేశీయులు తవ్వి తీశాక గొప్పదైంది. ఈ రెండు కథల్లోనూ నాకు కనిపించే లోపం ఒకటే. యంత్రం బయట నుంచి వచ్చింది, ఒకటే వచ్చింది. దాన్ని విప్పి రెండోది చేసే మెకానిక్ ఆ గదిలో లేడు. అహ్మదాబాద్ స్టూడియో పక్కన గంటస్తంభం కొట్టాయన లాంటివాడు ఒకడుంటే కథ ఇంకోలా ఉండేదని నా ఊహ. ఊహే.

చేతిపని లేక కాదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసదుంగ తొలిచి వీణ చేసేవాళ్లున్నారు. కొయ్యపని ఒక ఎత్తు, మేళం కట్టడం ఇంకో ఎత్తు. 24 మెట్లనీ మైనం మీద చెవితో సరిచూసుకుంటూ కూర్చాలి. కొలబద్దతో అయ్యే పని కాదది. అందుకే ఏ రెండు వీణలూ అచ్చం ఒకేలా పలకవు. నా పెట్టెలో ఏడు కంట్రోళ్లు తిప్పుతూ స్వరాలు కూర్చేటప్పుడు నేను చేసేది ఆ పనికి చాలా ముతక నకలు. మైనం ఎండకి మెత్తబడినట్టే ఇదీ బ్యాటరీ నీరసపడేకొద్దీ శ్రుతి తప్పుతుంది. మే నెల మధ్యాహ్నం ఒకలా, రాత్రి ఒకలా పలుకుతుంది. వీణకైనా మేళం మళ్లీ కట్టిస్తాం గనక నేనూ సణుక్కోకుండా తిప్పుకుంటాను.

పెట్టె చేసినంత మాత్రాన సంగీతం రాదని అంటారు. ఒప్పుకుంటాను. చేత్తో సింథ్‌లు చేసేవాళ్లలో సగం మంది కీచుమనిపించి, వీడియో పెట్టి, ఇంకో పెట్టె మొదలుపెడతారు. ఆ సగంలో నేనూ ఉన్నాను. ఈ ఐసీలు పుట్టించే చతురస్ర తరంగం (ఒక్కసారిగా పైకీ కిందికీ గెంతేది) వినడానికి మోటుగా ఉంటుంది, పది నిమిషాలకి తలనొప్పి తెప్పిస్తుంది. దాన్నుంచి రాగఛాయ తియ్యాలంటే రాగం తెలిసినవాడు కావాలి. నాకు తెలిసిన రాగం సరిపోదు. తెలిసినవాళ్లు సంగీత కళాశాలలో ఉన్నారు, టంకం పెట్టడం నేర్చినవాళ్లు ఇదే ఊళ్లో ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ కాలేజీల్లో ఉన్నారు. వీళ్లు వాళ్ల గుమ్మం ఎక్కరు, వాళ్లు వీళ్ల గుమ్మం ఎక్కరు.

దీనికి కొత్త కోర్సూ కొత్త భవనమూ అడగను. ఎలక్ట్రానిక్స్ చదివే ప్రతి పిల్లా పిల్లాడూ ల్యాబులో 555 ఐసీతో అస్టేబుల్ మల్టీవైబ్రేటర్, అంటే ఆగకుండా తనంతట తనే ఊగే సర్క్యూట్, కడతారు. హాన్స్ కామెన్‌జిండ్ 1971లో రూపొందించిన ఈ ఐసీ చేతికి రాకుండా డిప్లొమా పూర్తికాదు. పిల్లలు తరంగాన్ని గీసి చూపే సీఆర్‌ఓ యంత్రం తెర మీద దాన్ని చూస్తారు, గ్రాఫు గీస్తారు, రికార్డు బుక్కులో అతికించి సంతకం పెట్టించుకుంటారు. తెర మీద గీత పాకుతున్నంతసేపూ అది స్వరం. కానీ అవుట్‌పుట్‌కి స్పీకరు తగిలించిన ల్యాబు నేను చదువుకున్న రోజుల్లో చూడలేదు. ఒక కెపాసిటర్, ఒక రెసిస్టర్, ఒక చిన్న స్పీకరు చాలు. రికార్డు బుక్కు పట్టికలో పౌనఃపున్యం గడి పక్కన ఇంకో గడి గీసి, 'ఒకటి శ్రుతికి ఇది ఏ స్వరం' అని రాయమంటే సంగీత కళాశాల నుంచి ఎవరో ఒకరిని పిలవక తప్పదు. నా పాత రికార్డు బుక్కు ఈమధ్య అటక మీంచి తీశాను. రీడింగు 1 కిలోహెర్ట్జ్. లెక్క వేసి చూస్తే కాకలి నిషాదానికి (పై 'ని'కి) కాస్త పైన ఉంది.