సెల్లారులో జన్మదిన మహోత్సవం

ఏడాదిలో 364 రోజులు ఎవరూ పెద్దగా పట్టించుకోని యువకుడు మిగిలిన ఆ ఒక్క రోజున, అదీ తొలి నిమిషంలోనే, సామూహిక దాడికి గురయ్యేటంతటి ప్రేమకు పాత్రుడవుతున్నాడంటే మన సమాజంలో స్నేహబంధాలు ఏ స్థాయికి ఎదిగాయో వేరే చెప్పనక్కరలేదు. హైదరాబాదులో మేముండే అపార్టుమెంటు సెల్లారులో ఈ ప్రేమ తరచుగా వెల్లివిరుస్తూ ఉంటుంది. రాత్రిళ్లు నిద్రపట్టని వయసు కావడం చేత, మెట్ల మలుపులో నిలబడి దీన్ని శ్రద్ధగా అధ్యయనం చేసే అవకాశం నాకు దక్కింది. భావితరాల సౌకర్యార్థం ఆ వ్రతవిధానాన్ని ఇక్కడ గ్రంథస్థం చేస్తున్నాను.

రాత్రి పదకొండున్నర దాటాక సైలెన్సర్లు పీకేసిన బైకుల మీద మిత్రబృందం రహస్యంగా విచ్చేస్తుంది. రహస్యం ఎందుకంటే ఇది సర్‌ప్రైజ్. ఆ సర్‌ప్రైజుకు గురికావలసిన కుర్రవాడు అప్పటికే తనకున్న చొక్కాల్లోకెల్లా పాతది, పారేసినా బాధ లేనిది వేసుకుని, వాచీ తీసి తల్లి చేతికిచ్చి, ఫోనును పాలిథిన్ కవర్లో చుట్టి సిద్ధంగా కూర్చుని ఉంటాడు. కిందికి దిగి రాగానే మాత్రం రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఆశ్చర్యపోతాడు. ఆ ఆశ్చర్యం వీడియోలో సరిగా పడకపోతే మళ్లీ మెట్లెక్కి దిగవలసి ఉంటుంది. ఒకసారి ఒక అబ్బాయి మూడోసారికి గాని తృప్తికరంగా ఆశ్చర్యపోలేకపోయాడు.

పూజాద్రవ్యాల్లో ప్రధానమైనవి రెండు కేకులు. ఒకటి కొయ్యడానికి, ఒకటి పుయ్యడానికి. కొయ్యవలసిన దాన్ని బండి సీటు మీద ప్రతిష్ఠిస్తారు. బేకరీవాడు పేరులో ఒక అక్షరం మింగేసి ఉంటాడు గాని దాన్ని ఎవరూ చదవరు. చిచ్చుబుడ్డిలాంటి కొవ్వొత్తి వెలిగించి, ప్లాస్టిక్ కత్తితో గాటు పెట్టి, తొలి ముక్క ఎవరి నోట పెట్టాలన్న సున్నితమైన విషయం మీద చిన్న తగవు తీర్చుకుని, అంతటితో ఆ కేకు పని సరి. తరువాత రెండోది. దాన్ని ఇద్దరు చేతులు పట్టుకోగా, ఒకడు తల వంచగా, మరొకడు అట్టతో సహా ముఖానికి అద్దుతాడు. పిమ్మట మైదా పిండి, కోడిగుడ్లు, స్నో స్ప్రే. "అన్నా, ఫ్రేములో రాలేదు" అని వీడియో తీసేవాడు అన్నాడంటే ముఖం తుడిచి, నేల మీద పడినదాన్ని పోగుచేసి మళ్లీ పూస్తారు. 2025 సెప్టెంబరు 22 నుంచి కేకుల మీద జీఎస్టీని 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించిన ప్రభుత్వం, అవి తినడానికి కొంటారని పొరబడినట్టుంది.

ఇదంతా జరుగుతున్నంతసేపూ ఒక బ్లూటూత్ స్పీకరు సెల్లారు గోడలను అదరగొడుతూ ఉంటుంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు మోగించరాదని, నివాస ప్రాంతాల్లో రాత్రిపూట శబ్దం 45 డెసిబెల్స్ మించరాదని 2000 సంవత్సరంలో వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి గాని, ప్రాణస్నేహానికి డెసిబెల్స్ ఏమిటి?

మన పెద్దలకు ఈ అదృష్టం లేకపోయింది పాపం. వాళ్లలో చాలామంది పుట్టినతేదీని బడిలో చేర్చుకున్న హెడ్మాస్టరు నిర్ణయించాడు. అందుకే ఆ తరంలో అంతమంది జూన్ ఒకటినో, జులై ఒకటినో పుట్టారు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు కడుపులో ఉన్నాడనో, చంకలో ఉన్నాడనో లెక్క చెబితే కృష్ణా జిల్లాలో అదే జనన ధ్రువపత్రం. తిథి గుర్తుంటే కుంకుడుకాయ రసంతో తలంటు పోసి, కొత్త చొక్కా కాలరుకు పసుపు పెట్టి, నెత్తిన అక్షింతలు వేసి, సేమ్యా పాయసం పెట్టేవారు. బడిలో యూనిఫాం మానేసి రంగు చొక్కా వేసుకుని, చాక్లెట్ల పొట్లం పట్టుకుని, తోడుగా ఒక్క స్నేహితుణ్ని ఎంచుకుని పక్క తరగతులకు పంచడానికి వెళ్లడంతో పిల్లల వైభవం పూర్తయ్యేది. ఘనంగా జరపాలంటే ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై సంవత్సరాలూ తిరిగి షష్టిపూర్తి రావలసిందే. ముఖానికి ఎవడూ గుడ్డు కొట్టలేదు కనుక వాళ్ల మధ్య ఆప్యాయత ఏపాటిదో ఊహించుకోవచ్చు.

ఇక ట్రీటు. తలలోంచి మైదా ఇంకా వదలని ఆ అభాగ్యుడే మరునాడు వీళ్లందరికీ విందు ఇవ్వాలి. కేకుకు మనిషికి ఇంతని వేసుకున్న చందాలో సగం మంది వాటా ఇంకా ఫోన్‌పేలో రాలేదు గాని, మండీకి వెళ్దామా, బార్బెక్యూకా అన్న ఓటింగులో మాత్రం అందరూ పాల్గొంటారు. పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని మాంసం ఎటువైపు ఎక్కువుందో చూసి పళ్లేన్ని చిన్నగా తమవైపు తిప్పుకుంటూ, "వీడు మనకోసం ప్రాణమిస్తాడ్రా" అని మెచ్చుకుంటారు. బిల్లు వచ్చే సమయానికి చేతులు కడుక్కోవడానికి వెళ్లే క్రమశిక్షణ వీళ్లకు ఎవరు నేర్పారో తెలియదు. రాలేకపోయినవాడికి "నాకు సెపరేటుగా" అని అడిగే హక్కు ఎప్పటికీ ఉంటుంది.

స్టేటస్ పెట్టకపోతే మాత్రం ఇందులో ఏదీ జరిగినట్టు కాదు. రాత్రి ఒంటిగంటన్నరకు, కంట్లో పడిన క్రీము కడుక్కుని, ఆ కుర్రవాడు తనను ట్యాగ్ చేసిన ప్రతి ఫొటోనూ ఒక్కటొక్కటిగా తన స్టేటస్‌లో పెట్టుకుంటూ కూర్చుంటాడు. పైన గీతలు కుట్టుమిషను కుట్టులా సన్నబడేదాకా పెడతాడు. ఎవరిదైనా మరచిపోతే వాడు అలుగుతాడు.

ఇంతవరకు నవ్వుకుంటూ రాశాను. నవ్వలేని భాగం ఒకటుంది. బంప్స్ అని ఒక ఆచారం. కుర్రవాణ్ని నలుగురు కాళ్లూ చేతులూ పట్టుకుని లేపితే మిగతావాళ్లు వెనకనుంచి తంతారు. ఎన్నేళ్లు నిండితే అన్ని తన్నులని లెక్క చెబుతారు గాని, లెక్కపెట్టేవాడు కూడా తంతూనే ఉంటాడు. హాస్టళ్లలో అయితే చెప్పనే అక్కరలేదు. ఏడాది పొడుగునా వాడి మీద ఉన్న కసిని ఆ రాత్రి తీర్చుకునేవాళ్లున్నారు. నడుము పట్టేసి గోడకు చేరగిలబడి కూడా వాడు నవ్వుతూనే ఉంటాడు. నవ్వకపోతే వాడికి స్పోర్టివ్‌నెస్ లేదంటారు కదా! ఆ నవ్వును చూసి సరదా అనుకునేవాడికి కళ్లున్నా లేనట్టే. ఉద్దేశపూర్వకంగా ఒకరిని గాయపరిస్తే ఏడాది వరకు జైలు గాని, పదివేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని అని 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 115వ సెక్షను చెబుతోంది. తన్నులు తిన్నవాడి పుట్టినరోజైతే వర్తించదని అందులో ఎక్కడా రాయలేదు.

ఆ స్నో స్ప్రే సంగతి కూడా వినండి. డబ్బాలోంచి నురగను బయటికి తోసేది చాలా రకాల్లో బ్యూటేన్, ప్రొపేన్ వంటి వాయువే. అంటే మీ వంటింటి సిలిండరులో ఉండే సరుకు. నిప్పుకు దూరంగా వాడమని డబ్బా మీదే సన్నని అక్షరాల్లో ఉంటుంది. దాన్ని వెలుగుతున్న కొవ్వొత్తి ముందు, మనిషి ముఖం మీద, జుట్టులో కొడుతున్నారు. భగ్గున మంటలేస్తే ఏం చేస్తారు? అదీ వీడియో తీస్తారా?

అన్నట్టు ఆ సెల్లారు ఖాళీ స్థలం కాదు. లిఫ్టు పక్క గదిలో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. ఆ గోలకు లేచిన వాళ్ల చిన్నపిల్ల తలుపు సందులోంచి కేకును చూస్తూ నిలబడటం నేను కళ్లారా చూశాను. కిలో కేకును గోడకేసి కొట్టినవాళ్లలో ఒక్కడికీ ఆ పిల్లకో ముక్క ఇవ్వాలని తట్టలేదు. తెల్లవారుజామున ఐదింటికి నీళ్లొచ్చే వేళకు ఆ పిల్ల తల్లి వంగి, టైల్స్ సందుల్లో అట్టకట్టిన గుడ్డుసొననూ మైదానూ రేకుముక్కతో గీకుతూ కనిపించింది. ఆమెకు జీతం ఇచ్చేది మెట్లు ఊడ్చినందుకు, మీ స్నేహాన్ని గీకినందుకు కాదు.

ఈ నెలాఖరున మూడో అంతస్తు అబ్బాయిదట, మళ్లీ బృందం రాబోతోంది. వాళ్లకు ముందుగానే మనవి చేస్తున్నాను: నీళ్ల పైపు మోటారు గది తలుపు వెనక మేకుకు వేలాడుతూ ఉంటుంది, కొబ్బరి చీపురు దాని పక్కనే. పూసినవాళ్లే కడిగి వెళ్లాలి, అదీ తెల్లవారక ముందే. కావాలంటే దాన్ని కూడా వీడియో తీసి స్టేటస్ పెట్టుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు.