‘బ్లాక్ వాచ్’ను రాసింది ఎవరు?

2006 ఆగస్టులో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో ఫ్రింజ్ కళా ఉత్సవాల్లో, ఒకప్పుడు సైనికులు కవాతు చేసిన డ్రిల్ హాల్లో ‘బ్లాక్ వాచ్’ నాటకం తొలిసారి ప్రదర్శించారు. రచన గ్రెగరీ బర్క్, దర్శకత్వం జాన్ టిఫనీ. మన పరిషత్తు నాటకాల కరపత్రాల్లో పెద్ద అక్షరాలు దాదాపు ఇక్కడితో అయిపోతాయి. ఈ నాటకాన్ని కూడా ఆ రెండు పేర్లతోనే చూస్తే సగం చేజారిపోతుంది. ఆ రెండు పేర్ల కింద ఇంకో రెండున్నాయి: మూవ్‌మెంట్‌కు, అంటే నటుల ఒంటి కదలికలకు, స్టీవెన్ హొగెట్, సంగీతానికి డేవీ ఆండర్సన్. ఇద్దరికీ ఇచ్చిన హోదా సహ దర్శకుడు. నృత్యం కూర్చి వెళ్లిపోయినవాళ్లుగానో, పాటలకు బాణీలు కట్టినవాళ్లుగానో వాళ్లను లెక్కేయలేదు. ఈ నాటకం ఎలా తయారైందో చెప్పడానికి ఆ ఒక్క మాట చాలు.

నిర్మించిన సంస్థ నేషనల్ థియేటర్ ఆఫ్ స్కాట్లాండ్. పేరుకు జాతీయ నాటక సంస్థే అయినా దానికి సొంత నాటకశాల లేదు. 2006 ఫిబ్రవరిలో స్కాట్లాండ్‌లోని పది చోట్ల పది వేర్వేరు ప్రదర్శనలతో పని మొదలుపెట్టింది. నాటకానికి తగిన చోటును వెతుక్కుంటూ వెళ్లడం దాని పద్ధతి. తొలి కళా దర్శకురాలు విక్కీ ఫెదర్‌స్టోన్ బర్క్‌కు అప్పగించిన పని బ్రిటిష్ సైన్యంలోని స్కాటిష్ పటాలం బ్లాక్ వాచ్ కథను గమనించడం. అప్పటికి ఆ కథ వార్తల్లో నలుగుతోంది. ఇరాక్ యుద్ధంలో ఫలూజా నగరం మీద అమెరికన్ల దాడికి ముందు ఆ సేనల స్థానంలో నిలబడేందుకు సుమారు 800 మందిని ఇరాక్‌లోని క్యాంప్ డాగ్‌వుడ్‌కు పంపారు. 2004 నవంబర్ 4న ఆత్మాహుతి కారు బాంబుకు ముగ్గురు సైనికులు, వాళ్ల ఇరాకీ దుబాసీ చనిపోయారు. ఆ డిసెంబరులోనే పటాలాన్ని మిగతా స్కాటిష్ పటాలాలతో కలిపేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. 1739 నుంచి లెక్కగట్టుకుంటున్న పటాలం 2006 మార్చి 28న విడి పటాలంగా లేకుండా పోయింది. నాటకం మొదలైంది ఆ తర్వాత నాలుగు నెలలకు.

ఊహించి ఇరాక్ నాటకం రాయొద్దనీ, సైనికుల మాటలతోనే వెళ్దామనీ టిఫనీ ముందే తేల్చేశారు. బర్క్ ఫైఫ్ ప్రాంతం మనిషి. బ్లాక్ వాచ్‌లో చేరే కుర్రాళ్లు వచ్చేది పెర్త్, ఫైఫ్, డండీ, ఆంగస్‌ల నుంచి. వాళ్ల యాస, వాళ్ల బూతు, వాళ్ల మొహమాటం ఆయనకు ఇంటి మాటలే. ఫైఫ్‌లోని ఒక పబ్బులో కూర్చుని మాజీ సైనికుల్ని మాట్లాడించారు. ఆ కలయికే నాటకంలో ఒక పాయ అయింది. అడుగుతున్న రచయిత కూడా అందులో ఒక పాత్రే. రచయిత తరఫున కబురు పెట్టిన సోఫీ అనే అమ్మాయి వస్తుందనుకుని ఎదురుచూసిన కుర్రాళ్ల ముందుకు ఈ మగమనిషి వచ్చి కూర్చుంటాడు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

తారాగణం పది మంది. బ్రయన్ ఫెర్గూసన్ కామీ అనే సైనికుడిగా కథ చెబుతాడు. ఎమన్ ఎలియట్, రయన్ ఫ్లెచర్, అలీ క్రెయిగ్, డేవిడ్ కోల్విన్, పాల్ రాట్రే, నబీల్ స్టువర్ట్, జోర్డన్ యంగ్ పటాలం కుర్రాళ్లు. జాక్ ఫార్చ్యూన్ అధికారి. పాల్ హిగిన్స్‌కు రెండు పాత్రలు: పబ్బులో రచయిత, యుద్ధంలో సార్జెంట్. డబ్బు మిగుల్చుకోవడానికి ఒకే నటుడికి రెండు వేషాలు వేయించడం ఏ నాటక సంస్థకైనా అలవాటే. ఇక్కడ మాత్రం ఆ ఎంపికలో అర్థముంది. కుర్రాళ్లను నడిపించే గొంతూ, వాళ్ల నుంచి కథ లాగే గొంతూ ఒకటే అవుతాయి. సార్జెంట్ చనిపోతాడు, అదే మొహంతో రచయిత మళ్లీ పబ్బులో ప్రశ్నలు వేస్తాడు. ఏ డైలాగూ చెప్పని మాట ఇది, పాత్రల పంపకమే చెప్పింది.

రంగస్థలం గురించి కాస్త వివరంగా మాట్లాడుకోవాలి. రంగాలంకరణ లారా హాప్కిన్స్‌ది. ప్రేక్షకులు రెండు వైపులా ఎదురెదురుగా కూర్చుంటారు, మధ్యలో పొడవాటి ఖాళీ నేల, రెండు కొసల్లో ఇనుప గొట్టాల బురుజులు. ఎడిన్‌బరో కోట ముందు ఏటా జరిగే సైనిక విన్యాసాల మైదానం చిన్నదైనట్టు ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ నటులకు ఇది కఠినమైన ఏర్పాటు. ఎటు తిరిగినా ఎవరో ఒకరికి వీపే కనిపిస్తుంది. పక్క తెరలు లేవు, దాక్కునే చోటు లేదు, రాకపోకలన్నీ కొసల నుంచే. పెద్ద సామాను మధ్యలో పెడితే ఒక వైపు వాళ్లకు అడ్డు. అందుకే నేల దాదాపు ఖాళీగా ఉండిపోయింది. ఆ ఖాళీని నింపే బాధ్యత నటుల ఒళ్ల మీద పడింది.

కొట్లాటల సంగతే తీసుకోండి. కుర్రాళ్లలో ఆవేశం పొంగితే సార్జెంట్ ఇద్దరిని వదిలి పది సెకన్లు కొట్టుకోనిస్తాడు. మామూలు వేదిక మీద చెంపదెబ్బ మోసం సులువు. కొట్టేవాడి వీపో, తినేవాడి వీపో ప్రేక్షకుల వైపు ఉంచి చేతికీ చెంపకూ మధ్య జానెడు దూరం దాచేస్తారు. ఇక్కడ వీపు వెనకా ప్రేక్షకులే ఉన్నారు, ఆ జానెడూ కనబడిపోతుంది. కాబట్టి దెబ్బ నటించడానికి బదులు బరువు మార్చుకోవాలి: ఎత్తడం, విసరడం, పట్టుకోవడం, పడటం. పడేవాడు తన బరువును సమయానికి వదలకపోతే ఎత్తేవాడి నడుం పోతుంది, అర సెకను ముందే వదిలితే ఇద్దరూ నేలకు కొట్టుకుంటారు. హొగెట్ మొదటి రోజు నుంచీ రిహార్సల్ గదిలో ఉండాల్సిన అవసరం అందుకే. ఇలాంటివి చివరి వారంలో అతికిస్తే అతుకు తెలిసిపోతుంది.

పూల్ బల్ల దృశ్యమే తలుచుకుంటే చాలు. పబ్బులో కామీ మాట్లాడుతుంటాడు, పక్కన బిలియర్డ్స్ లాంటి ఆట ఆడే పూల్ టేబుల్. ఉన్నట్టుండి బల్ల మీద పరిచిన గుడ్డను లోపలి నుంచి ఒక కత్తి చీలుస్తుంది. ఆ చీలికలోంచి యుద్ధ దుస్తుల్లో సైనికులు పైకి లేస్తారు. ఫైఫ్ పబ్బు ఇరాక్ అయిపోతుంది. దీని వెనక లెక్క చూడండి. మనుషులు పట్టేంత లోతు బల్లలో ఉండాలి కానీ బయటికి మామూలు పూల్ బల్లలా కనిపించాలి. గుడ్డ ప్రతి ప్రదర్శనకూ కొత్తగా బిగించాలి. వదులైతే కత్తికి ముడతపడుతుంది కానీ చీలదు. బిగువుగా ఉంటే ఒక్క గీతకు తెరుచుకుంటుంది. లోపలున్నవాళ్లు చీకట్లో, ఉక్కలో, పైన నడిచే మాటల్ని బట్టి సమయం లెక్కపెట్టుకుంటూ కదలకుండా ఉండాలి. రాతప్రతిలో ఇది ఒకటి రెండు వాక్యాల రంగసూచన. వేదిక మీద రంగాలంకరణ, లైటింగ్, ఆహార్యం, నటులు అందరూ ఒక్క క్షణంలో కలవాల్సిన పని.

ఎర్ర తివాచీ దృశ్యం మరొకటి. పటాలం చరిత్ర మొత్తాన్నీ కామీ నడుస్తూ చెబుతాడు. చెబుతుండగానే మిగతావాళ్లు అతన్ని ఎత్తి, తిప్పి, ఒక కాలం యూనిఫాం విప్పి ఇంకో కాలం యూనిఫాం తొడుగుతుంటారు. మాట మాత్రం ఆగకూడదు. తలకిందులుగా ఉన్నప్పుడు పొట్ట మీద ఇంకొకరి భుజం నొక్కుతుంటే ఊపిరి ఎక్కడ పీల్చుకోవాలో వాక్యం వారీగా గుర్తు పెట్టుకోవాలి. జెస్సికా బ్రెటిల్ ఆహార్యంలో ఒక్క గుండీ మొరాయిస్తే మూడు శతాబ్దాలూ అక్కడే చిక్కుకుంటాయి. చరిత్ర పాఠాన్ని ఇంత చురుగ్గా చెప్పిన దృశ్యాలు అరుదు. కుర్రాడికి చరిత్రను ఎవరో తొడుగుతున్నారు, తను తొడుక్కోవడం లేదు. ఆ భేదం కళ్లకు కనిపిస్తుంది.

ఉత్తరాల దృశ్యంలో మాటే లేదు. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాన్ని ఒకడు చదువుతాడు, చేతులతో ఏవో సైగలు మొదలవుతాయి. ఇంకొకడు అదే ఉత్తరం అందుకుంటాడు, వాడి సైగలు వేరు. చివరికి అందరూ, ఎవరి భాష వారిది. ఆ సైగలకు నిఘంటువు లేదు. వాటిని ఎవరికి వారే కూర్చుకోవాలి, అందుకే అరువు తెచ్చుకున్నట్టు ఉండవు. రచయిత ఇక్కడ తప్పుకున్నారు. అది ఆయన గొప్పతనమే.

డేవీ ఆండర్సన్ పాత సైనిక పాటల్ని తీసుకుని నటుల గొంతులకే ఇచ్చారు. ‘గాలంట్ ఫార్టీ ట్వా’ అన్న పాటలోని నలభై రెండు, పటాలం పాత అంకె. కాలిన్ గ్రెన్‌ఫెల్ లైటింగ్, ఫిఫ్టీ నైన్ ప్రొడక్షన్స్ వీడియో, గారెత్ ఫ్రై సౌండ్. పేలుడు శబ్దం ఎంత పెద్దదన్నది కాదు, దానికి ముందు ఎంత నిశ్శబ్దం దక్కిందన్నదే ముఖ్యమని ఫ్రై పని విన్నవాళ్లకు తెలుస్తుంది. 2009లో ఈ నాటకానికి లండన్ నాటకరంగంలో ఇచ్చే ఒలీవియర్ పురస్కారాలు నాలుగు దక్కాయి: కొత్త నాటకం, దర్శకత్వం, సౌండ్, నృత్య రచన. రచనకు వచ్చింది ఒక్కటే, మిగిలిన మూడూ రాతప్రతి బయటివి.

ఒక లోటు మాత్రం ఒప్పుకోవాలి. వేదిక మీద అందరూ మగవాళ్లే. చనిపోయిన దుబాసీ దేశానికి ఇక్కడ గొంతు లేదు. కవాతు ఎంత అందంగా కూర్చితే పటాలం అంత ఆకర్షణీయంగా కనిపించే ప్రమాదం ఉందన్న విమర్శ కూడా న్యాయమైనదే. దానికి జవాబు చెప్పాల్సింది రచయిత ఒక్కరే కాదు, అడుగులు కూర్చినవాళ్లు కూడా. నా మటుకు, చివరి కవాతులో ఆ జవాబు కొంత ఉంది. వరుస తప్పకుండా నడుస్తున్న కుర్రాళ్లు ఒక్కొక్కరే తూలి పడుతుంటారు, పక్కవాళ్లు ఎత్తి వరుసలో నిలబెడుతుంటారు, వేగం పెరుగుతూనే ఉంటుంది. ఆ అలసట నిజమైనది.

నాటకం ఏళ్ల తరబడి తిరిగింది. బ్రూక్లిన్‌లో ఒకప్పటి మసాలా మిల్లులో, షికాగోలో పాత సైనిక ఆయుధశాలలో ఆడింది. తారాగణం మారింది, 2010లో కామీ వేషం జాక్ లౌడెన్‌కు వచ్చింది. వాక్యాలు కొత్తవాళ్లకు కాగితం మీద దొరుకుతాయి. ఎత్తడం, పడటం మాత్రం అంతకుముందు ఎత్తినవాళ్ల దగ్గరే నేర్చుకోవాలి. రయన్ ఫ్లెచర్ 2006లో వేసింది కెన్జీ వేషం, పటాలంలో చేరిన పసివాడు, బాంబుకు చనిపోయేవాడు. తర్వాతి పర్యటనల్లో అదే నటుడు కామీ అయ్యాడు. బతికి వచ్చి, పబ్బులో కూర్చుని, కెన్జీ ఎలా పోయాడో రచయితకు చెప్పాడు.