రెండో అడాప్టర్‌కి గేట్‌వే ఇవ్వకండి

"లైనక్స్ వీఎంలో నెట్ రావట్లేదా? ఈ ఐదు పనులు చేయండి" అనే మెసేజ్ మళ్లీ గ్రూపుల్లో తిరుగుతోంది. వీఎం అంటే ల్యాప్‌టాప్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్. రీబూట్ చేయాలట, అడాప్టర్లన్నీ (వీఎం నెట్‌వర్క్ కార్డులు) బ్రిడ్జ్‌డ్‌కి, అంటే బయటి నెట్‌వర్క్‌లోకి నేరుగా కలిపే పద్ధతికి మార్చాలట, ఐపీటేబుల్స్ (ఫైర్‌వాల్ రూల్స్) ఫ్లష్ కొట్టాలట, ప్రతి అడాప్టర్‌కీ గేట్‌వే (బయటి నెట్‌కి దారి ఇచ్చే మెషీన్ అడ్రస్) ఇవ్వాలట, చివరగా రిజాల్వ్.కాన్ఫ్‌లో (సైట్ల పేర్లను ఐపీ అడ్రస్‌లుగా మార్చే డీఎన్ఎస్ సర్వర్ ఏదో చెప్పే ఫైల్) గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8 రాసి ఫైల్‌ని లాక్ చేయాలట. వర్చువల్‌బాక్స్‌లో ఒక అడాప్టర్ న్యాట్ (ల్యాప్‌టాప్ ద్వారా బయటి నెట్ ఇచ్చేది), ఒకటి హోస్ట్-ఓన్లీ (ల్యాప్‌టాప్‌తో మాత్రమే కలిపేది) పెట్టుకుని నేర్చుకునే పిల్లలు దీన్ని నమ్మి, ఉన్న నెట్ కూడా పోగొట్టుకుంటున్నారు. దయచేసి ఫార్వర్డ్ చేయడం ఆపండి.

రీబూట్ సంగతి వదిలేద్దాం. తప్పు కాన్ఫిగ్ ఫైల్‌లో ఉంటే రీబూట్ తర్వాత కూడా అక్కడే ఉంటుంది. బ్రిడ్జ్‌డ్ కూడా అంతే. వైఫై మీద చాలాసార్లు మొరాయిస్తుంది. ఆఫీసు నెట్‌వర్క్‌లో అయితే కొత్త మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) కనబడగానే స్విచ్ పోర్టే మూసేయవచ్చు.

ఐపీటేబుల్స్ ఫ్లష్ అంత చిన్న విషయం కాదు. యూఎఫ్‌డబ్ల్యూ (ఉబుంటు ఫైర్‌వాల్ టూల్) ఆన్‌లో ఉన్న మెషీన్‌లో ఆ కమాండ్ రూల్స్‌ని తుడిచేస్తుంది గాని, ఇన్‌పుట్ పాలసీ మాత్రం డ్రాప్‌గానే (వచ్చేవాటిని పారేయడం) ఉండిపోతుంది. అంటే మీరు పంపిన రిక్వెస్టులకు జవాబులు కూడా లోపలికి రావు, ఎస్‌ఎస్‌హెచ్ (వేరే మెషీన్ నుంచి లాగిన్) ఆగిపోతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు.

అసలు కోపం తెప్పించేది నాలుగోది. ప్రతి అడాప్టర్‌కీ గేట్‌వేనా? ఎందుకు? రెండు గేట్‌వేలు ఇస్తే నెట్ రెండింతలు వస్తుందనా? హోస్ట్-ఓన్లీలో 192.168.56.1 అంటే మీ ల్యాప్‌టాపే. ఫార్వర్డింగ్ ఆన్ చేయనంతవరకూ అది మీ ప్యాకెట్లను బయటికి పంపదు. వర్చువల్‌బాక్స్ సొంత డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రస్‌లు పంచే సర్వీస్) కూడా ఆ నెట్‌వర్క్‌లో మామూలుగా గేట్‌వే ఇవ్వదు. అది ఇవ్వనిదాన్ని మీరు చేత్తో రాసి పెడుతున్నారు.

తర్వాత ఏమవుతుందో చూడండి. ఉబుంటు సర్వర్‌లో నెట్‌ప్లాన్ (నెట్‌వర్క్ సెట్టింగులు చూసే టూల్) ద్వారా డీహెచ్‌సీపీతో వచ్చిన డిఫాల్ట్ రూట్‌కి (బయటికి వెళ్లే మామూలు దారి) మెట్రిక్, అంటే ప్రాధాన్య సంఖ్య, 100 ఉంటుంది. మీరు రాసిన రూట్‌కి మెట్రిక్ ఇవ్వకపోతే 0 అవుతుంది. తక్కువ ఉన్నదే గెలుస్తుంది. అంతే, న్యాట్ వైపు 10.0.2.2 అనే మంచి గేట్‌వే ఉండగానే ట్రాఫిక్ అంతా హోస్ట్-ఓన్లీలోకి వెళ్లి చచ్చిపోతుంది. ఇంతలో ల్యాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ చక్కగా పనిచేస్తూ ఉంటుంది. దాంతో "నెట్‌వర్క్ బాగానే ఉంది, డీఎన్ఎస్సే తేడా" అనుకుని అందరూ ఐదో పాయింట్ దగ్గరికి పరుగెడతారు. ఒక తప్పు సలహా ఇంకో తప్పు సలహాకి దారి వేస్తోంది.

చూడాల్సింది ఒక్కటే. "ఐపీ రూట్" కొట్టి డిఫాల్ట్ లైన్లు ఎన్ని ఉన్నాయో చూడండి. "ఐపీ రూట్ గెట్ 8.8.8.8" కొడితే ప్యాకెట్ ఏ అడాప్టర్ నుంచి వెళ్తుందో చెబుతుంది. వర్చువల్‌బాక్స్‌లో మొదటి అడాప్టర్ సాధారణంగా ఈఎన్‌పీ0ఎస్3, రెండోది ఈఎన్‌పీ0ఎస్8. జవాబులో రెండోది కనబడితే నెట్‌ప్లాన్ ఫైల్‌లో దాని కింద ఉన్న డిఫాల్ట్ రూట్ తీసేసి అప్లై చేయండి. నిజంగానే రెండు గేట్‌వేలు కావాలంటే వేరే రూటింగ్ టేబుల్, ఐపీ రూల్ కావాలి. ఆ మెసేజ్‌లో వాటి ఊసే లేదు.

ఐదోదాంట్లో మాత్రం సగం నిజం ఉంది, ఒప్పుకుంటాను. న్యాట్ అడాప్టర్ మీ ల్యాప్‌టాప్ డీఎన్ఎస్‌నే వీఎంకి ఇస్తుంది. ఇంటి వైఫై వదిలి వేరే నెట్‌వర్క్‌కి మారాక వీఎం పాత సర్వర్‌నే పట్టుకుని ఉండవచ్చు. 8.8.8.8కి పింగ్ వెళ్తూ పేర్లు మాత్రం దొరకకపోతే, ఆ అడాప్టర్‌కి రిజాల్వ్‌సీటీఎల్ కమాండ్‌తో 8.8.8.8 ఇచ్చి చూడటం మంచి పరీక్షే. రీబూట్‌తో అది పోతుంది కూడా.

కానీ ఫైల్‌ని లాక్ చేయడం దేనికి? తర్వాత వీఎంలో వీపీఎన్ పెట్టుకుంటే ఆఫీసు లోపలి పేర్లు ఒక్కటీ దొరకవు, రూట్ యూజర్‌గా (అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్) చెరిపినా ఆ ఫైల్ కదలదు. ఇప్పటికే చేసినవాళ్లు "సీహెచ్ఏటీటీఆర్ మైనస్ ఐ"తో లాక్ తీసి, ఆ ఫైల్ చెరిపేసి, సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ (ఉబుంటులో డీఎన్ఎస్ చూసుకునే సర్వీస్) తయారుచేసే స్టబ్-రిజాల్వ్.కాన్ఫ్‌కి సింలింక్ (షార్ట్‌కట్ లాంటి లింక్) మళ్లీ పెట్టుకోండి.