తలల లెక్క వేరు, ఇళ్ల లెక్క వేరు

ఇరుగుపొరుగు దేశాల్లో ఎన్ని ఇళ్లకు బ్రాడ్‌బ్యాండ్ ఉందో పోల్చి, ఎవరు ముందున్నారో చెప్పిన ఒక వ్యాసం చదివాను. అందుకోసం అందులో 100 మంది జనాభాకు ఇన్ని కనెక్షన్లు అన్న అంకె వాడారు. లెక్క అక్కడే తప్పింది. ఒక దేశంలో ఇంటికి సగటున ఇద్దరు, పక్క దేశంలో నలుగురు ఉన్నారనుకోండి. 100 మందికి మొదటిచోట 50 ఇళ్లు, రెండోచోట 25. కనెక్షన్లు 40, 20 అయితే పైకి రెట్టింపు తేడా కనిపిస్తుంది. ఇళ్ల లెక్కన రెండూ 80 శాతమే! పైగా ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ ఇచ్చే ఆ అంకెలో ఆఫీసుల కనెక్షన్లూ కలిసి ఉంటాయి. ముందు వాటిని తీసేసి, మిగిలినదాన్ని ఇంటికి సగటున ఎంతమందో ఆ సంఖ్యతో గుణించాలి.

సర్వే అంకెలు కాస్త నయం. కానీ ‘ఇంట్లో ఇంటర్నెట్ ఉందా’ అని ఊరికే అడిగితే ఫోన్ డేటా ఉన్నవాళ్లూ ఉందనే అంటారు. యూరోపియన్ యూనియన్ గణాంకాల సంస్థ యూరోస్టాట్ అయితే 16–74 ఏళ్లవాళ్లు కనీసం ఒక్కరున్న ఇళ్లనే తీసుకుంటుంది. అంతా 75 దాటినవాళ్లే ఉన్న ఇల్లు లెక్కలోకే రాదు.

వేగం దగ్గర ఇంకో తిరకాసు. బ్రాడ్‌బ్యాండ్ అనడానికి ఐటీయూకి 256 కేబీపీఎస్ చాలు. అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2015లో 25/3 ఎంబీపీఎస్ (డౌన్‌లోడ్ 25, అప్‌లోడ్ 3) ఉండాలంది, 2024లో 100/20కి పెంచింది. కెనడా నియంత్రణ సంస్థ సీఆర్‌టీసీ 2016లో పెట్టుకున్న లక్ష్యం 50/10. ఎవరి గజంబద్దతో వాళ్లు కొలిచిన శాతాలను పక్కపక్కన పెట్టి ఎవరు ముందున్నారంటే ఏం చెబుతాం?

అన్నట్టు, లైను వీధిలోకి రావడం వేరు, ఇంట్లో పెట్టించుకోవడం వేరు. ఎఫ్‌సీసీ పాత పద్ధతిలో ఒక సెన్సస్ బ్లాకులో (జనగణన కోసం విడగొట్టిన చిన్న ప్రాంతం) ఒక్క ఇంటికి ఇవ్వగలిగినా బ్లాకు మొత్తానికి ఉన్నట్టే రాసుకునేవారు.