ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపు?

పోయిన ఆదివారం మా ఆఫీసు మిత్రుడికి అద్దె ఇల్లు చూడడానికి హైదరాబాదులో విద్యానగర్, నల్లకుంట సందులన్నీ తిరిగాం. చివరికి ఒక ఇల్లు నచ్చింది. ఇంటాయన చాలా మర్యాదస్థుడు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. తాళాల గుత్తి వేలికి తగిలించుకుని తిప్పుతూ మొదలుపెట్టాడు.

"ఏ ఊరు బాబూ మీది?" చెప్పాడు. "ఇంటిపేరు?" అదీ చెప్పాడు. ఆ ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉంది, పాపం పెద్దాయనకు ఏమీ తేలలేదు. "ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపు?"

కులం అన్న మాట ఆయన నోట రానే లేదు. మా వాడికి ఈ వరుస కొత్త కాదు. "ఎస్సీ కాలనీలో అండీ" అన్నాడు. గుత్తి తిరగడం ఆగింది. "అమెరికాలో మా అబ్బాయిని ఒక మాట అడిగి చెబుతాను. మాకైతే అలాంటి పట్టింపులేమీ లేవు."

పట్టింపుల సంగతి ఆయన్ను ఎవరడిగారు? బుధవారం అటువైపు వెళ్తే టులెట్ బోర్డు గేటుకు అలాగే వేలాడుతోంది.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఈ ఊళ్ళో కులం పట్టింపు ఎవరికీ లేదు. ఇంటాయనకు లేదు, వాళ్ళావిడకు ఉంది. ఆవిడకూ లేదు, అత్తగారికి మడి. అత్తగారు పోతే కింద వాటావాళ్ళు ఏమనుకుంటారోనని. ఇల్లు దక్కనివాడు మాత్రం ఎండలో నిలబడి ఇంకో బోర్డు వెతుక్కుంటూ ఉంటాడు.

ఇల్లు వాళ్ళది, ఇష్టం వాళ్ళది అంటారా? నిజమే, కులవివక్ష కూడదన్న రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువుల పేర్లు చెప్పింది కానీ అద్దె ఇంటి పేరు చెప్పలేదు. అందులో పేరు లేనిదంతా న్యాయమైపోతుందా? అద్దె వేళకు కడతాడా, అర్ధరాత్రి గోల చేస్తాడా అని అడగండి. అవి అతని చేతిలో ఉన్నవి. ఏ వాడలో పుట్టాలో అతను ఎంచుకున్నాడా, మీరు ఎంచుకున్నారా?

దళిత ఉద్యమ నాయకుడు భాగ్యరెడ్డి వర్మ పుట్టి పనిచేసిన నగరం ఇది. 1906లోనే ఇక్కడ జగన్మిత్ర మండలి అనే సంఘం పెట్టాడాయన. 1917లో బెజవాడలో పంచమ మహాసభకు అధ్యక్షత వహిస్తూ, నాలుగు వర్ణాల బయట ఐదోవాళ్ళు అనే ఆ 'పంచమ' అన్న మాటే మాకొద్దు, మేము ఆది ఆంధ్రులం అన్నాడు. మీరెవరు అన్న ప్రశ్నకు జవాబు అప్పుడే వచ్చేసింది. అయినా మనం ఇంకా ఊళ్ళో ఇల్లు ఎటువైపు అని కూపీ లాగుతూనే ఉన్నాం.

మనం అంటే నేను కూడా. ఏడేళ్ళ కిందట నేనిప్పుడుంటున్న ఇంటికి వచ్చినప్పుడు నన్నూ ఇంటిపేరు అడిగారు. రెండో ప్రశ్న అవసరం పడలేదు. "మనవాళ్ళే కదా" అని అడ్వాన్సులో ఒక నెల తగ్గించారు. నేను థాంక్స్ చెప్పి తాళం తీసుకున్నాను.